మెంబ్రేన్ తన చిల్లు తానే పూడ్చుకుంటుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. బోరు నీళ్లు, నల్లా నీళ్లు ఒకే ట్యాంకులో పడతాయి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 900 దాకా ఉంటుంది. ఆర్‌ఓ మిషన్ నీళ్లు మొన్నటిదాకా 50 చూపించేవి, ఇప్పుడు 240. అందులో ఉప్పును వడగట్టే మెంబ్రేన్ వేసి ఎనిమిది నెలలే అయింది. చిల్లు పడిందంటున్నాడు మెకానిక్. చిల్లు పడితే తనంతట తానే పూడ్చుకునే మెంబ్రేన్లు వచ్చాయని చదివాను. అవి మనకు దొరుకుతాయా సార్?
- ఒక గృహిణి

జవాబు: ఇంకా దొరకవమ్మా, ప్రస్తుతానికి అవి ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. అయితే మీ మెంబ్రేన్‌కు నిజంగా చిల్లు పడిందో లేదో చూడకుండా కొత్తది కొనకండి.

నాలుగేళ్ల కింద మా ఇంట్లోనూ ఇదే జరిగింది. తీసేసిన మెంబ్రేన్‌ను వరండాలో కూర్చుని కత్తితో కోసి చూశాను. నడుమ చిల్లుల గొట్టం, దాని చుట్టూ చాప చుట్టినట్టు పొరలు, పొరకూ పొరకూ మధ్య సన్నని ప్లాస్టిక్ జాలి. ఎంత వెతికినా చిరుగు కనిపించలేదు. గొట్టం చివరి రబ్బరు రింగు మాత్రం ఒక పక్క నలిగి తెగిపోయి ఉంది. ఉప్పు నీళ్లు ఆ సందులోంచే మంచినీళ్లలో కలుస్తున్నాయన్నమాట. చిన్న రింగు మారిస్తే పోయేదానికి మెంబ్రేన్ మొత్తం మార్పించారు. ఆ డబ్బులు గుర్తొస్తే ఇప్పటికీ బాధే. అందుకే ముందు రింగు విప్పించి మీ కళ్లతో చూడండి.

రింగు బాగుంటే క్లోరిన్‌ను అనుమానించాలి. ఉప్పును ఆపే అసలు పొర పాలీఅమైడ్ అనే ప్లాస్టిక్. మన వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు ఉంటుందంతే. నల్లా నీళ్లలోని క్లోరిన్ దాని బంధాలను తెంపేస్తుంది. దాన్ని ముందే పట్టుకోవాల్సింది కార్బన్ ఫిల్టర్. నల్లా వచ్చిన రోజు కార్బన్ దాటిన నీళ్లు గ్లాసులో పట్టి, క్లోరిన్ కిట్ చుక్కలు వేయండి. పసుపు రంగు తిరిగితే కార్బన్ పని అయిపోయినట్టే. దాన్ని మార్చకుండా కొత్త మెంబ్రేన్ వేసినా మళ్లీ ఇదే కథ.

ఇక మీరు చదివిన విషయం. 2001లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్కాట్ వైట్ బృందం ఎపాక్సీ ప్లాస్టిక్‌లో కంటికి ఆనని గుళికలు కలిపింది. పగులు వచ్చిన చోట గుళిక చిట్లి, లోపలి ద్రవం కారి గట్టిపడింది. పోయిన గట్టిదనంలో 75 శాతం దాకా తిరిగొచ్చింది. నీటి మెంబ్రేన్లలోనూ అదే దారి పట్టారు, నీళ్లు తగలగానే గట్టిపడే ద్రవంతో. నాకు బాగా నచ్చింది ఇంకో పద్ధతి. సబ్జా గింజలు నానితే చుట్టూ జిగురు ఉబ్బుతుంది కదా, అలా నీళ్లకు ఉబ్బే జెల్‌ను పొరలో పెడతారు. గీత పడితే జెల్ ఉబ్బి ఆ సందును మూసేస్తుంది. ఎంత అందమైన ఆలోచన! కాకపోతే మూసుకున్న చోట జెల్, అసలు పొరలా ఉప్పును ఆపడం కష్టం. క్లోరిన్ పొరంతా తినేస్తే పూడ్చడానికి గీత అంటూ ఒకటి ఉండదు.

మీ 240 అంకె దానికదే ప్రమాదం కాదు, తాగునీటికి మన దేశ ప్రమాణం 500. నా టెన్షన్ వేరు. రింగు దగ్గరే లీకైతే, మీ గ్లాసులో అయిదో వంతుకు పైగా వడపోత లేని ట్యాంకు నీళ్లే. టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూస్తుంది తప్ప, క్రిములను లెక్కపెట్టదు. బాగయ్యేదాకా కాచి చల్లార్చిన నీళ్లే తాగండి, పిల్లలుంటే మరీనూ. రింగు ఎలా ఉందో, గ్లాసులో రంగు వచ్చిందో లేదో నాకు రాయండి.