ఇంట్లో పెట్టుకునే మొదటి మిల్లింగ్ మెషీన్ ఏది కొనాలి?

అల్యూమినియం బ్రాకెట్లు, చిన్న స్టీల్ ముక్కలు చేసుకోవడానికి ఏ మిల్లింగ్ మెషీన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కేది) మంచిదని అడిగారు.

మోటారు వాట్ల కంటే ముందు కాలమ్ (కట్టర్ తిరిగే హెడ్‌ని మోసే నిలువు స్తంభం) చూడండి. పాత డ్రిల్-కమ్-మిల్లింగ్ మెషీన్లు చాలావాటికి గుండ్రటి కాలమ్ ఉంటుంది. పొడవైన డ్రిల్ బిట్ పెట్టాలని హెడ్ పైకి లేపితే అది కాస్త పక్కకి తిరుగుతుంది. సెట్ చేసుకున్న సున్నా (కొలతలు మొదలయ్యే చోటు) పోయినట్టే, మళ్ళీ ముక్క అంచు వెతుక్కోవాలి. సగం పనిలో ఇలా జరిగితే ఎంత విసుగో! హెడ్ ఏటవాలు అంచుల గాడిలో జారే డొవ్‌టెయిల్ కాలమ్‌కి ఈ బాధ ఉండదు. అందుకే నా ఓటు సీగ్ కంపెనీ ఎక్స్2 మోడల్ తరహా మినీ మిల్‌కే. బరువు సుమారు 50–60 కిలోలు, ఇద్దరు కలిసి మేడ మీదికి ఎక్కించొచ్చు. కాకపోతే పాత మోడళ్లలో ప్లాస్టిక్ గేర్లుంటాయి, కట్టర్ ఇరుక్కుంటే పళ్ళు ఊడిపోతాయి. బెల్ట్ డ్రైవ్‌ది దొరికితే అదే తీసుకోండి.

స్పిండిల్ టేపర్ (టూల్ కూర్చునే తిరిగే ఇరుసులోని కోను ఆకారపు రంధ్రం) ఆర్8 రకం అయితే టూల్ తేలిగ్గా ఊడుతుంది. ఎంటీ3 రకం అయితే డ్రాబార్ (టూల్‌ని పైనుంచి లాగి పట్టే పొడవాటి బోల్టు) మీద గట్టిగా కొట్టాలి. హైదరాబాద్ వైపు ఉంటే రాణిగంజ్ షాపుల్లో ఈ రెండిట్లో దేనికి కొలెట్లు (కట్టర్‌ని బిగించి పట్టే గొట్టాలు) దొరుకుతున్నాయో కనుక్కున్నాకే తేల్చుకోండి.

డబ్బంతా మెషీన్‌కే పెట్టేయకండి. మంచి వైస్ (ముక్కని బిగించేది), కొలెట్లు, ఎండ్ మిల్స్ (మిల్లింగ్ కట్టర్లు), క్లాంపులు, డయల్ గేజ్ (సన్నటి తేడాలు కొలిచే ముల్లు మీటరు) కలిపితే ఖర్చు దాదాపు మెషీన్ ధరకి చేరుతుంది.

మామూలు డ్రిల్ మెషీన్‌కి ఎండ్ మిల్ తగిలించే ఆలోచన మాత్రం వద్దు. పక్క ఒత్తిడికి టేపర్ మీది చక్ (బిట్‌ని పట్టుకునే భాగం) జారి కింద పడొచ్చు, అదీ తిరుగుతూ.