అటకెక్కిన మగ్గం

ప్రశ్న: నా వయసు 33. మాది ఖమ్మం. రెండేళ్ల కిందట మగ్గం వర్క్ నేర్చుకున్నాను. ఇంటి దగ్గరే ఆర్డర్లు తీసుకోవాలని ఆశ. కానీ రేటు ఎంత చెప్పాలి, బట్ట పాడైతే ఎలా, తెలిసినవాళ్లు డబ్బులివ్వకపోతే ఏం చేయాలి అని ఒకటే ఆలోచనలు. ఫోన్‌లో డిజైన్లు వందల కొద్దీ దాచుకున్నాను. మగ్గం మాత్రం అటక మీదే ఉంది. రాత్రి పడుకునేటప్పుడు రేపు కచ్చితంగా మొదలుపెడదామనుకుంటాను, తెల్లారితే మళ్లీ వాయిదా. ‘పదిహేను వేలు తగలేశావు’ అని అత్తగారు అంటుంటే ఏడుపొస్తోంది. నేను బద్ధకస్తురాలినా?

జవాబు: కాదమ్మా. బద్ధకమే అయితే పని సంగతి మర్చిపోయి హాయిగా నిద్రపోయేవారు. మీరు రెండేళ్లుగా రాత్రిళ్లు దాని గురించే మథనపడుతున్నారు. మిమ్మల్ని ఆపుతున్నది భయం.

‘ఇవాళ్టికి వదిలేద్దాం’ అనుకోగానే గుండె మీద బరువు దిగినట్టు ఉంటుంది కదా? ఆ కాస్త ఊరటే వాయిదాను అలవాటు చేస్తుంది. ఫ్యూషా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే మానసిక శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసంలోనూ ఇదే చెప్పారు. ఒక పని తలుచుకోగానే కలిగే టెన్షన్ నుంచి అప్పటికి బయటపడటానికే మనం దాన్ని రేపటికి నెడతామట. డిజైన్లు దాచుకోవడం కూడా ఇలాంటిదే. ఏదో చేస్తున్నట్టే ఉంటుంది, సూది మాత్రం కదలదు. కొన్నాళ్లు కొత్త డిజైన్లు వెతకడం ఆపేయండి.

ఇక మీ సందేహాలు. రేటు ఎంతో ఆలోచిస్తే ఎప్పటికీ తెలియదు, దిగితేనే లోతు తెలుస్తుంది. మీ పాత జాకెట్టు ముక్క ఒకటి తీసుకుని, ఒక్క చేతి అంచుకు వర్క్ చేయండి. కూర్చున్న టైమ్, లేచిన టైమ్ క్యాలెండర్ మీద రాసుకోండి. నాలుగు గంటలు పట్టిందనుకోండి, రెండు చేతులకూ ఎనిమిది. పూసలు, దారం ఖర్చు కలపండి. మీ వీధిలో ఎంత తీసుకుంటున్నారో కనుక్కోండి. రెండేళ్లుగా తేలని లెక్క వారంలో తేలుతుంది.

బట్ట పాడవుతుందన్న భయంలో కొంత నిజం ఉంది. శాటిన్, టిష్యూ లాంటి వాటి మీద కుట్టు విప్పినా సూది రంధ్రాలు కనబడతాయి. అందుకని చేయి తిరిగే దాకా అవి ఒప్పుకోకండి. కాటన్ మీద అంత భయం లేదు. చివరి ముడి సరిగా పడకపోతే గొలుసు కుట్టు మొత్తం ఊడిపోతుందని మీకు నేర్పే ఉంటారు. తప్పు పోయినప్పుడు ఆ గుణమే మిమ్మల్ని కాపాడుతుంది. దారం లాగి మళ్లీ కుట్టుకోవచ్చు. డబ్బుల సంగతంటారా, సగం అడ్వాన్సు చేతిలో పడ్డాకే బట్ట ముట్టుకోండి, చుట్టాలైనా సరే.

రేపు చేయాల్సింది చాలా చిన్నది. మగ్గం దించి, దుమ్ము తుడిచి, బట్ట డప్పులా బిగించి పెట్టండి. అంతే, కుట్టవద్దు. ఎల్లుండి నుంచి పిల్లలు స్కూలుకెళ్లి, మీరు టీ గ్లాసు కడిగి బోర్లించగానే మగ్గం దగ్గర కూర్చోండి. ఇరవై నిమిషాలు చాలు. ‘రేపు చేస్తాను’ అనుకోవడం కంటే ‘ఇది అవగానే అది చేస్తాను’ అని ముందే ముడిపెట్టుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే మానసిక శాస్త్రవేత్త 1999లోనే వివరించారు.

అత్తగారి మాట బాధపెట్టేదే, కాదనను. అయినా ఇప్పుడు వాదనకు దిగకండి. మొదటి జాకెట్టు ఆవిడకే చేసి మెప్పిద్దామని కూడా అనుకోకండి. అది పరీక్షలా తయారై మళ్లీ చేయి ఆగిపోతుంది. ‘ఈ అరగంట నన్ను పిలవకండి అత్తయ్యా’ అని మాత్రం నెమ్మదిగా అడగండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ఆకలి తగ్గినా, దేని మీదా ఇష్టం లేకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ మొదటి చేయి వంకరగా వస్తే విప్పకండి. మీ బట్టేగా. పక్కన తేదీ రాసి దాచుకోండి. ఐదోది పూర్తయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.