తుంగబట్టా, రెల్లుబట్టా?

సందేహం: ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ గురించిన వ్యాసంలో, సింధు ప్రాంతపు జనం కొందరు ‘తుంగతో తయారు చేయబడినటువంటి వస్త్రములు’ కట్టేవారని చదివాను. గ్రీకులో దానికి ఒక్క విశేషణమే ఉందట. తెలుగులో అలాంటి ఒక్క మాట లేదా?

సమాధానం: లేకేమండీ! వెదురుబుట్ట, తాటాకు పందిరి, తుంగచాప అనే వాళ్లం. మోషేను ఉంచినదాన్ని తెలుగు బైబిలు హాయిగా ‘జమ్ముపెట్టె’ అంది. ‘కంచుతో తయారు చేయబడినటువంటి పళ్లెం తే’ అని మీ ఇంట్లో ఎవరైనా అడిగారా? టీవీ వార్తలు విని విని మన చెవులు పాడయ్యాయి.

గ్రీకు మాట ‘ఫ్లొయినొస్’. ఏటిగడ్డి కోసి, దంచి, చాపలా అల్లి, కవచంలా తొడుక్కునేవారని హెరొడోటస్ మూడో సంపుటం 98వ ప్రకరణంలో రాశాడు. లిథొస్ అంటే రాయి, లిథినొస్ అంటే రాతి. మన ‘రాతి’ చేసే పనే అక్కడ ‘ఇనొస్’ చేస్తుంది.

సంస్కృతం పద్ధతి వేరు, నాకు ఇష్టమైనదీ అదే. అక్కడ మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే అ కాస్తా ఆ అవుతుంది, ఉ కాస్తా ఔ అవుతుంది. ముంజగడ్డితో చేసింది మౌంజం, స్త్రీలింగంలో మౌంజి. మూడు పేటలుగా పేనిన ఆ మొలతాడును బ్రాహ్మణ వటువుకు మనుస్మృతి విధించింది. ఒడుగు శుభలేఖల్లో ‘మౌంజీబంధనం’ అని అచ్చు వేయిస్తారు కదా, అందులో గడ్డి ఉందని ఎందరికి తెలుసు? కర్పాసం అంటే పత్తి, దానితో చేసిన కార్పాసం కూడా ఇలా పుట్టిందే.

ఇక ఆ గడ్డి ఏది? క్రీ.పూ. 405లో గ్రీకు హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ నాటకంలో కప్పలు ‘కుపైరొస్’లోనూ ‘ఫ్లెఓస్’లోనూ గెంతామని పాడతాయి. ఈ ఫ్లెఓస్‌నే హెరొడోటస్ తన యాసలో ఫ్లూస్ అన్నాడు, ఫ్లొయినొస్ పుట్టింది దాన్నుంచే. మన తుంగకు శాస్త్రం పెట్టిన సైపరస్ అనే పేరు కుపైరొస్ నుంచి వచ్చిందే. కప్పలు రెంటినీ విడివిడిగా చెప్పాయంటే, ఫ్లెఓస్ తుంగ కాకపోవచ్చు. నిఘంటుకారులు దాన్ని సక్కారం జాతిలో పెట్టారు. మన రెల్లు, ముంజ, చెరకు అన్నీ ఆ జాతివే.

అందుకే ‘రెల్లుబట్ట’ వైపే నా మొగ్గు. అయితే హెరొడోటస్ మన దేశం చూసినవాడు కాడు, పైగా చాపలా అల్లారన్నాడు. చాప అంటే మనకు తుంగే గుర్తొస్తుంది కాబట్టి ‘తుంగబట్ట’ను తప్పనలేను. ‘తయారు చేయబడినటువంటి’ని మాత్రం క్షమించను.