ఓడ ప్రయాణంలో రాత్రి భోజనానికి ఏ దుస్తులు? స్మార్ట్ క్యాజువల్‌పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సియాటిల్‌లో ఉంటున్న మా అబ్బాయి, కోడలు ఈ వేసవిలో మమ్మల్ని 7 రాత్రుల అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకువెళుతున్నారు. టికెట్లతో పాటు వచ్చిన కాగితాల్లో రాత్రి భోజనశాలకు ఐదు రోజులు ‘స్మార్ట్ క్యాజువల్’, రెండు రోజులు ‘ఫార్మల్’ దుస్తులు అని రాసి ఉంది. నేను చీర తప్ప మరొకటి కట్టను. మా వారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్యాంటు, చొక్కా వేసుకున్నారు గాని, పదవీ విరమణ చేసినప్పటి నుంచి పంచె, లాల్చీలకే అలవాటు పడ్డారు. పదిహేనేళ్ల మనవడు చిరుగుల జీన్స్, క్రికెట్ జెర్సీ ఒంటి మీద నుంచి తీయడు. కోడలు అందరికీ కొత్త బట్టలు, మా వారికి కోటు కొనాలంటోంది. అందరి ముందు గుమ్మం దగ్గర ఆపేస్తారేమోనని మా వారికి ఒకటే బెంగ. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ వారి బెంగ తీరే మాట ముందుగా చెబుతాను. స్మార్ట్ క్యాజువల్ అని రాసిన రాత్రులకు కోటు గాని, టై గాని తప్పనిసరి కాదు. మగవారికి కాలరున్న చొక్కా, ఇస్త్రీ చేసిన నిండు ప్యాంటు, శుభ్రమైన బూట్లు ఉంటే చాలు. కోటు వేసుకుంటే ఎవరూ వద్దనరు, వేసుకోకపోతే ఎవరూ అడగరు. ఆడవారికి చీర, చుడీదార్, గౌను, ప్యాంటు మీద మంచి టాపు, ఏదైనా సరిపోతుంది. కోడలు కోటు కొనాలనుకుంటున్నది ఈ ఐదు రాత్రుల కోసమే అయితే ఆ ఖర్చు అక్కరలేదు. ఏది పనికివస్తుందనే దాని కంటే ఏది పనికిరాదో తెలుసుకోవడం తేలిక. ఈతకొలను దగ్గర వేసుకునే దుస్తులు, చేతుల్లేని బనియన్లు, నిక్కర్లు, రబ్బరు చెప్పులు, తల మీద క్రికెట్ టోపీ, చిరుగుల జీన్స్ రాత్రిపూట ప్రధాన భోజనశాలలో వద్దని చాలా కంపెనీలు కోరతాయి.

ఈ నియమం ఎక్కడ, ఎప్పుడు వర్తిస్తుందో తెలియక చాలామంది పెట్టెల నిండా బట్టలు సర్దుకుంటారు. పగలంతా ఓడలో ఎవరికి నచ్చినట్టు వారు తిరగవచ్చు. ఈత దుస్తుల మీద ఏదైనా కప్పుకోకుండా, కాళ్లకు ఏమీ లేకుండా భోజనాల దగ్గరకు రావద్దని మాత్రమే కోరతారు. సాయంత్రమయ్యాక మెయిన్ డైనింగ్ రూమ్ అని పిలిచే ప్రధాన భోజనశాలలోను, అదనంగా డబ్బు చెల్లించి తినే ప్రత్యేక రెస్టారెంట్లలోను ఈ నియమం మొదలవుతుంది. అదే సమయంలో పై అంతస్తులో ఉండే బఫేలో సాధారణంగా అంత పట్టింపు ఉండదు. రోజంతా ఊరు తిరిగి అలసిపోయి, మళ్లీ బట్టలు మార్చుకునే ఓపిక లేని రాత్రి బఫేలో తినడం ఎవరికీ చిన్నతనం కాదు.

ఏ బట్ట సరిపోతుందో తేల్చుకోవడానికి నేను ఒక్క కొలత చెబుతాను. వియ్యంకుల ఇంటికి మొదటిసారి రాత్రి భోజనానికి పిలిస్తే ఏం వేసుకుని వెళతామో అదే ఇక్కడా సరిపోతుంది. ఆ రోజు పెళ్లి నగలన్నీ పెట్టుకోము, అలాగని ఇంట్లో తిరిగే బట్టలతోనూ వెళ్లము. ఈ కొలత పెట్టుకుంటే మీ బీరువాలో ఉన్న బట్టల్లోనే ఐదు రాత్రులూ గడిచిపోతాయి.

చీర విషయంలో మీకు ఏ సందేహమూ అక్కరలేదు. పైగా అందరికంటే తక్కువ ఇబ్బంది మీకే. స్మార్ట్ క్యాజువల్ రాత్రులకు సన్న జరీ అంచు పట్టుచీర, పోచంపల్లి ఇక్కత్ పట్టు, జార్జెట్ లేదా క్రేప్ చీర బాగుంటాయి. వెడల్పు జరీ అంచుల ధర్మవరం, గద్వాల పట్టుచీరలను ఆ రెండు ఫార్మల్ రాత్రులకు ఉంచుకోండి. గంజి పెట్టిన మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలంటే నాకెంతో ఇష్టమైనా వాటిని ఈ ప్రయాణానికి తీసుకువెళ్లమని చెప్పలేను. అగ్నిప్రమాదం జరుగుతుందన్న భయంతో చాలా కంపెనీలు ఇస్త్రీ పెట్టెను, ఆవిరితో ముడతలు తీసే యంత్రాన్ని ప్రయాణికులు తెచ్చుకోవడాన్ని నిషేధించాయి. సామాను తనిఖీలో అవి బయటపడితే తీసి పక్కన పెడతారు. ప్రిన్సెస్ వంటి కొన్ని కంపెనీల ఓడల్లో ప్రయాణికులే బట్టలు ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే గదులు ఉంటాయి. మిగిలిన చోట్ల డబ్బు ఇచ్చి లాండ్రీకి వేయాలి. అందువల్ల మడత పెట్టి తీసినా ముడత పడని చీరలే మేలు. కుచ్చిళ్లు నేల ఊడ్చేలా కాక, చీర అంగుళం పైకి కట్టుకోండి. ఓడలో మెట్లు ఎక్కువ, డెక్ (ఓడలో ఆరుబయటి అంతస్తు) మీదకు వెళ్లే తలుపుల దగ్గర గడపలు ఎత్తుగా ఉండవచ్చు, కెరటాలున్న రాత్రి నేల కొద్దిగా ఊగుతుంది. ఎత్తు మడమల చెప్పులు ఆ ఊగులాటలో ప్రమాదం. భోజనశాలలో ఏసీ చల్లగా ఉంటుంది కాబట్టి ఒక శాలువా చేతిలో ఉండనివ్వండి. హిమానీనదాలను చూడటానికి డెక్ మీద నిలబడినప్పుడు చీర మీద స్వెట్టరు, చలికోటు, కాళ్లకు మేజోళ్లు వేసుకున్నారని మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. అక్కడ చలికి తగ్గట్టు ఉండటమే ముఖ్యం.

ఇక మీ వారి పంచె సంగతి. గళ్ల లుంగీ క్యాబిన్ గడప దాటకూడదు. తెల్లని పంచె, ఇస్త్రీ లాల్చీ, భుజాన కండువా మాత్రం మన గౌరవ వస్త్రాలు, వాటిని ఆ దృష్టితోనే చూడాలి. క్యూనార్డ్ కంపెనీ ‘గాలా’ అని పిలిచే తన లాంఛన రాత్రులకు టక్సీడో (బో టైతో వేసుకునే నల్లని లాంఛన సూటు), ముదురు రంగు సూటులతో పాటు ఏ దేశపు వారైనా తమ సంప్రదాయ లాంఛన దుస్తుల్లో రావచ్చని నియమాల్లోనే రాసింది. మీ కంపెనీ కాగితాల్లో అలాంటి వాక్యం లేకపోతే, మీ అబ్బాయి చేత ముందుగానే ఒక ఉత్తరం రాయించి, ‘భారతీయ సంప్రదాయ దుస్తులు’ సమ్మతమేనని జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు ఫోనులో ఉంటే మీ వారు గుమ్మం దగ్గర తడబడవలసిన పని ఉండదు. ఐదు రాత్రుల్లో రెండు రాత్రులు పంచెతోను, మూడు రాత్రులు పాత ఉద్యోగ కాలపు ప్యాంటు చొక్కాలతోను గడిపితే సామాను తగ్గుతుందని నా అభిప్రాయం. డెక్ మీద గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి నడుము దగ్గర వెల్‌క్రో పట్టీ ఉన్న పంచె అయితే నిశ్చింతగా నడవవచ్చు.

మనవడిని మరీ కట్టడి చేయకండి. జెర్సీ పగలంతా వేసుకోనివ్వండి. చిరుగులు లేని ముదురు నీలం జీన్స్‌ను ఈ రోజుల్లో చాలా కంపెనీలు స్మార్ట్ క్యాజువల్ రాత్రుల్లో అనుమతిస్తున్నాయి; దాని మీద కాలరున్న టీషర్టు వేసుకుంటే సరిపోతుంది. ఎందుకో విడమరిచి చెబితే ఆ వయసు పిల్లలు వింటారు, బలవంతం చేస్తే భోజనాల దగ్గర ముఖం ముడుచుకుని కూర్చుంటారు.

ఫార్మల్ రాత్రి వేరు. 7 రాత్రుల ప్రయాణంలో అలాంటివి రెండు ఉండటం చాలా కంపెనీల్లో పరిపాటి. ఆ రాత్రి మీకు పట్టుచీర, కోడలికి చీర లేదా పొడవైన గౌను, మగవారికి ముదురు సూటు, టై లేదా ముందే అనుమతి తెప్పించుకున్న సంప్రదాయ దుస్తులు సరిపోతాయి. పెళ్లిళ్లకు కుట్టించుకున్న బంద్‌గలా కోటు ఉంటే అదే తీసుకువెళ్లండి.

పేర్లు చూసి తికమక పడకండి. మీ కాగితాల్లో ఫార్మల్ అని ఉన్నదానికి దగ్గరగా సెలబ్రిటీ కంపెనీ ‘ఈవెనింగ్ షిక్’ అంటుంది, హాలండ్ అమెరికా ‘డ్రెస్సీ’ అంటుంది, కార్నివాల్ ‘క్రూయిజ్ ఎలిగెంట్’ అంటుంది. పట్టింపు మాత్రం ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. వైకింగ్ ఓడల్లో ‘ఎలిగెంట్ క్యాజువల్’, ఓషియానియా ఓడల్లో ‘కంట్రీ క్లబ్ క్యాజువల్’ అన్నవి కొంచెం మెరుగైన స్మార్ట్ క్యాజువల్ వంటివే. ఏ రాత్రికి ఏ దుస్తులో ఆ రోజు కార్యక్రమ పత్రంలో గాని, ఓడ యాప్‌లో గాని చెబుతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఓడ ఎక్కేటప్పుడు రేవులో అప్పగించిన పెద్ద పెట్టెలు క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రం కావచ్చు, ఒక్కోసారి భోజన వేళ కూడా దాటవచ్చు. ఆ రాత్రికి కావలసిన చీర, చొక్కా, మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి. పూర్వం పెద్ద ఓడల్లో మొదటి రాత్రి, చివరి రాత్రి లాంఛన దుస్తులు అడగకపోవడానికి కారణం కూడా పెట్టెలే. మొదటి రోజు అవి విప్పి ఉండవు, చివరి రోజు మళ్లీ సర్దేసి ఉంటాయి.

ప్రశ్న: మాకు ఈమధ్యే పెళ్లయింది, సింగపూర్ నుంచి ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. మా డబ్బుతో సెలవు గడపడానికి వెళుతుంటే, భోజనానికి ఏం వేసుకోవాలో కంపెనీ నిర్ణయించడం న్యాయమేనా? నేను జీన్స్, స్నీకర్స్ తప్ప వేసుకోను.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీలా అనుకునేవారు చాలామంది ఉండబట్టే ఈ నియమాలు ఇంతగా సడలాయి. నార్వీజియన్ కంపెనీ 2000లో ‘ఫ్రీస్టైల్’ పద్ధతిని తెచ్చి, భోజన వేళలతో పాటు దుస్తుల కట్టుబాటును కూడా వదులు చేసింది. సెలబ్రిటీ కంపెనీ 2015 చివర్లో ఫార్మల్ రాత్రులనే తీసేసి, టై అక్కరలేని ఈవెనింగ్ షిక్‌ను పెట్టింది. క్యూనార్డ్ ఓడల్లో మాత్రం ఇప్పటికీ సాయంత్రం 6 గంటలు దాటాక దుస్తుల నియమం మొదలవుతుంది, ఆ వాతావరణం కోరుకునేవారే వాటిని ఎంచుకుంటారు. అందువల్ల నచ్చిన దుస్తులు వేసుకునే హక్కు మీ చేతిలోనే ఉంది. దాన్ని టికెట్టు కొనే ముందే వాడుకోవాలి, భోజనశాల గుమ్మం దగ్గర కాదు.

న్యాయం మాట అడిగారు కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రధాన భోజనశాలలో మీ పక్క బల్ల దగ్గర ఒక జంట తమ యాభయ్యో పెళ్లిరోజు చేసుకుంటూ ఉండవచ్చు, జీవితంలో ఒక్కసారి చేసే ఈ ప్రయాణానికి ఎన్నో ఏళ్లుగా డబ్బు కూడబెట్టుకుని వచ్చినవారు ఉండవచ్చు. ఆ గదిని వారితో పంచుకుంటున్నప్పుడు గంటన్నర సేపు కాలరున్న చొక్కా వేసుకోవడం పెద్ద త్యాగం కాదు. మీ జీన్స్‌కు చిరుగులు లేకపోతే చాలా ఓడల్లో స్మార్ట్ క్యాజువల్ రాత్రి చెల్లుతుంది. తోలుతో చేసిన సాదా తెల్ల స్నీకర్స్‌ను ఇప్పుడు పెద్దగా పట్టించుకోవడం లేదు గాని, పరుగు తీసేటప్పుడు వేసుకునే రంగురంగుల బూట్లు వద్దు. ఒక పొట్టి కుర్తా, దాని కింద నిండు ప్యాంటు తీసుకువెళ్లండి. మీ శ్రీమతి పట్టుచీర పక్కన అది బాగుంటుంది, బరువు కూడా తక్కువ.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మధుమేహం వల్ల కాళ్లకు స్పర్శ తగ్గి, వైద్యులు చెప్పిన ఎంసీఆర్ (మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు అట్ట) చెప్పులే వాడుతున్నాను. ముంబయి నుంచి లక్షద్వీప్‌కు ఓడలో వెళ్లబోతున్నాం. చెప్పులతో భోజనశాలకు రానివ్వరని ఎవరో అన్నారు. బూట్లు వేసుకుంటే పుండ్లు పడతాయని భయం.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అయ్యా, దయచేసి దుస్తుల నియమం కోసం మీ చెప్పులు మార్చకండి. స్పర్శ తగ్గిన పాదానికి కొత్త బూటు ఒరుసుకుంటే నొప్పి తెలియదు, పుండు పడ్డాక గాని సంగతి బయటపడదు. రబ్బరు చెప్పులు వద్దనే నియమం ఈతకొలను నుంచి నేరుగా వచ్చేవారిని ఉద్దేశించినది, వైద్యులు సూచించిన పాదరక్షల కోసం పెట్టినది కాదు. అయినా చూడగానే తేడా తెలియకపోవచ్చు కాబట్టి మూడు పనులు ముందే చేయండి. వైద్యుడి చేత ఒక చిన్న చీటీ ఇంగ్లిషులో రాయించుకోండి. టికెట్లు కొన్న ఏజెంటు ద్వారా మీ అవసరాన్ని కంపెనీకి తెలియజేయండి. ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నమే భోజనశాల పర్యవేక్షకుడిని కలిసి ఒక్క మాట చెప్పండి. అప్పుడు మీ బల్ల ద్వారానికి దగ్గరగా వేయమని కూడా అడగవచ్చు.

వ్యవధి ఉంటే, పాదరక్షలు తయారుచేసే కేంద్రంలో అదే ఎంసీఆర్ అట్టతో, వేళ్లు మూసి ఉండి మడమ వెనుక పట్టీ ఉన్న నల్లటి జోడు చేయించుకోండి. అది చూడటానికి బూటులా ఉంటుంది, ఊగే నేల మీద కాలు జారకుండా పట్టు కూడా ఇస్తుంది. అయితే దాన్ని ఇంట్లో కనీసం రెండు మూడు వారాల పాటు రోజుకు కొంతసేపు వేసుకుని అలవాటు చేసుకున్నాకే వెంట తీసుకువెళ్లండి. పాత జోడు కూడా పెట్టెలో ఉండనివ్వండి. ప్రతి రాత్రి క్యాబిన్‌లో దీపం కింద పాదాలు చూసుకోవడం, వంగడం కష్టమైతే మీ శ్రీమతి గారి చేత చూపించుకోవడం మానకండి. ఎక్కడైనా ఎర్రగా కందినట్టు కనిపిస్తే ఆ జోడు వాడకుండా అదే రోజు ఓడలోని వైద్యుడికి చూపించండి.