లేపిన జిప్సీలో 60 దాటగానే వణుకు: నా అనుభవం

బండిని లేపడానికి వెనక షాకిల్స్ (కమాన్ కట్ట, అంటే లీఫ్ స్ప్రింగ్, వెనక చివరని ఛాసిస్‌కి తగిలించే పట్టీలు) 2 ఇంచీలు పొడుగువి వేయించాక 60 దాటితే బండి వణుకుతోందని, టైర్లు రెండుసార్లు బ్యాలెన్స్ చేయించినా, ప్రొపెల్లర్ షాఫ్టుకి (వెనక ఇరుసుని తిప్పే పొడుగు కడ్డీకి) కొత్త క్రాసులు (దాని చివర్లలో వంగి తిరిగే జాయింట్లు) వేయించినా తగ్గలేదని అడిగారు. నాది 2008 జిప్సీ. ఇదే తంటాతో మూడు నెలలు తిరిగాను.

వణుకు ఎక్కడ తెలుస్తోందో ముందు గమనించండి. టైరుదైతే ఎక్కువగా స్టీరింగ్ ఊగుతుంది. షాఫ్టుదైతే సీటు కింద నుంచి సన్నగా జుయ్యిమని వస్తుంది. షాఫ్టు చక్రం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కదా. పైగా వంగి తిరిగే క్రాస్ వల్ల ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ఆ తేడాని అవతలి చివరున్న క్రాస్ సరిచేయాలి. అందుకు రెండు చివర్లా కోణం సమానంగా ఉండాలి. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే గేర్ల పెట్టె) ఫ్లాంజ్, పినియన్ (వెనక ఇరుసులోకి బలం తీసుకెళ్ళే గేరు) ఫ్లాంజ్, అంటే షాఫ్టుని బిగించే రెండు పళ్ళేలు, ఒకదానికొకటి సమాంతరంగా నిలబడాలి.

పొడుగు షాకిల్ చెడగొట్టేది దీన్నే. కమాన్ కట్ట ముందు కన్ను (చివరి రింగు) ఉన్నచోటే ఉంటుంది, వెనక కన్ను కిందికి దిగుతుంది. దాంతో హౌసింగ్ (వెనక ఇరుసు గొట్టం) తిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. రెండు కళ్ళ మధ్య మీటరు దూరం అనుకుంటే 2 ఇంచీలకి దాదాపు 3 డిగ్రీలు. (హౌసింగ్ కట్ట మధ్యలో ఉంటుంది కాబట్టి బండి లేచేది మాత్రం ఒక ఇంచే! అమ్మేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.)

అమెరికా రాంగ్లర్ వీడియోలు చూసి పినియన్‌ని ఇంకా పైకి తిప్పకండి. అది ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు డబుల్ కార్డన్ జాయింట్ (రెండు క్రాసులు పక్కపక్కనే ఉండేది) ఉన్న షాఫ్టుకి చెప్పే లెక్క. మన షాఫ్టుకి చివరికొక క్రాసే.

కొలవడానికి బండి చదునైన నేల మీద, తన బరువు తన చక్రాల మీద ఉండాలి. జాకీ మీద హౌసింగ్ వేలాడుతుంటే వచ్చే రీడింగ్ దండగ. షాఫ్టు విప్పేముందు, ఒకదానిలో ఒకటి దూరే దాని రెండు ముక్కల మీదా సుద్దముక్కతో ఒకే గీత గీయండి. తర్వాత ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి రెండు ఫ్లాంజ్‌ల ముఖాల మీదా ఆనించి చూడండి. నాకు ట్రాన్స్‌ఫర్ కేస్ నిట్టనిలువుగా ఉంది, పినియన్ మూడున్నర డిగ్రీలు పైకి చూస్తోంది.

ఆటోనగర్‌లో లేత్ మీద 4 డిగ్రీల ఇనుప వెడ్జ్‌లు (కట్టకీ హౌసింగ్‌కీ మధ్య పెట్టే ఏటవాలు ముక్కలు) కోయించాను. అల్యూమినియంవి వద్దు, పగులుతాయి. వాటిని బిగించి రోడ్డెక్కితే వణుకు రెట్టింపయ్యింది! తిప్పి పెట్టాను మరి. జిప్సీలో కట్ట హౌసింగ్ కింద ఉంటుంది, కాబట్టి పినియన్ ముక్కు దిగాలంటే వెడ్జ్ మందం వైపు వెనక్కి ఉండాలి. నేను కట్ట పైనుండే బండి బొమ్మ చూసి మందం ముందుకి పెట్టాను. తిప్పాక పినియన్ అర డిగ్రీ కిందికి చూసింది. అదే మంచిది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కట్ట మెలిపడి ముక్కు కాస్త లేస్తుంది.

అయినా కొంచెం వణుకు మిగిలింది. రెండు రోజులు బుర్ర గోక్కున్నాక షాఫ్టు కింద దూరి చూస్తే, అంతకుముందు గ్రీజు పెట్టిన మెకానిక్ స్ప్లైన్ (షాఫ్టు ముక్కలు పళ్ళతో ఒకదానిలో ఒకటి దూరే చోటు) విప్పి ఒక పన్ను పక్కకి ఎక్కించాడు. రెండు చివర్ల యోక్‌లు (క్రాస్‌ని పట్టుకునే చీలిక చేతులు) ఒకే వరసలో లేకపోతే కోణాలు ఎంత సరిచేసినా లాభం లేదు. సుద్ద గీత అన్నది అందుకే. పాపం కొత్త క్రాసుల తప్పేం లేదు.

వెడ్జ్ వేశాక యు బోల్టులు 200 కిలోమీటర్లకి మళ్ళీ బిగించండి. వెనక బ్రేక్ హోస్ బిగుసుకుపోలేదని కూడా చూసుకోండి. ముందు కూడా పొడుగు షాకిల్స్ వేయిస్తే స్టీరింగ్ పక్కలకి లాగుతుంది, అది క్యాస్టర్ (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వాలు) గొడవ, వేరే సంగతి.

రెండు ఫ్లాంజ్‌ల రీడింగులూ, ఏది ఏ వైపు చూస్తోందో రాయండి. ఎన్ని డిగ్రీల వెడ్జ్ కావాలో లెక్క కట్టి చెప్తాను.