ఒకేసారి 300 పాస్‌వర్డ్‌లు మార్చాలంటే

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ మెయిళ్లు గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉన్నాయి. సుమారు 300 మంది మొదటి ఏడాది విద్యార్థుల పాస్‌వర్డ్‌లు మార్చాలి. ఒక్కొక్కటిగా కాకుండా దారి ఉందా?
– ల్యాబ్ ఇన్‌చార్జి, గుంటూరు

జవాబు: ఉందండీ. అడ్మిన్ కన్సోల్‌లో (ఖాతాలను నిర్వహించే పేజీలో) డైరెక్టరీ, యూజర్స్‌కి వెళ్లి 'బల్క్ అప్‌డేట్ యూజర్స్' నొక్కండి. యూజర్ల సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించుకుని, మీకు కావలసిన వరుసలే ఉంచండి. మొదటి వరుసలోని శీర్షికలను మాత్రం కదపొద్దు. పాస్‌వర్డ్ కాలమ్‌లో నాలుగు నక్షత్రం గుర్తులు (****) కనిపిస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే పాతదే కొనసాగుతుంది, కాబట్టి ప్రతి వరుసలోనూ కొత్తది రాయండి. కనీసం 8 అక్షరాలుండాలి. 'చేంజ్ పాస్‌వర్డ్ ఎట్ నెక్స్ట్ సైన్-ఇన్' కాలమ్‌లో ట్రూ అని ఇంగ్లిషులో పెడితే, విద్యార్థి లాగిన్ కాగానే సొంత పాస్‌వర్డ్ పెట్టుకోక తప్పదు.

ఎక్కువగా దెబ్బతీసేది ఎక్సెల్. 00482917 అని కొడితే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. పొడవాటి అంకెలనైతే ఇ-ప్లస్ రూపంలోకి (1.23E+11 లాగా) మార్చేస్తుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేదా అక్షరంతో మొదలయ్యే పాస్‌వర్డ్‌లు వాడండి.

అందరికీ ఒకటే పాస్‌వర్డ్, లేదా హాల్‌టికెట్ నంబరు, దయచేసి పెట్టకండి. పక్క విద్యార్థి ముందుగా లాగిన్ అయితే ఖాతా అతని చేతిలోకి వెళ్లిపోతుంది. వేర్వేరుగా పెట్టి, చీటీ మీద ఎవరిది వారికే ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

మార్చిన ఫైలును సేవ్ చేసి, 'బల్క్ అప్‌డేట్ యూజర్స్'లోనే అప్‌లోడ్ చేయాలి. ముందు ఇద్దరితో పరీక్షించండి. అప్‌లోడ్ ఫలితం, తప్పులు టాస్క్స్ జాబితాలో కనిపిస్తాయి. పంపిణీ అయ్యాక ఆ ఫైలును డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ రెండింటిలోంచీ తీసేయండి.