‘వల్ల’ అని రాసే ముందు

హైదరాబాద్,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. తార్నాకలో మీ అపార్ట్‌మెంట్ మీటరు పెట్టె వెనక పిచ్చుక గూడు, అందులోంచి సగం బయటికి వేలాడే గడ్డిపోచ... ఆ పోచను మాత్రం కొట్టెయ్యకు. కొట్టెయ్యాల్సింది శీర్షిక. ‘నగరం మార్చేసిన పిచ్చుక డీఎన్ఏ’ అన్నావు. డీఎన్ఏ అక్షరాలు మారాయని నీ వ్యాసంలోనే ఎక్కడా లేదు. నువ్వు చెప్పింది మిథైలేషన్ గురించి, అంటే డీఎన్ఏ మీద అతుక్కునే చిన్న రసాయన గుర్తుల గురించి. మధ్యలో క్రోమోజోముల్లో, అంటే జన్యువులుండే డీఎన్ఏ చుట్టల్లో, ముక్కలు తిరగబడటాన్ని కూడా తెచ్చి రెండూ కలిపి కిచిడీ చేశావు.

ఈ రెండింటి తేడా నాకు బుర్రకెక్కింది ఒక పాత పుస్తకం పుణ్యాన. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్న వ్యాకరణం. అందులో 96వ పేజీ తర్వాత 112 వస్తుంది, అదీ తలకిందులుగా. అక్కణ్ణుంచి వెనక్కి 97 దాకా నడిచి, మళ్లీ 113 మామూలుగా మొదలవుతుంది. బైండింగ్‌లో ఒక ఫారం (పదహారు పేజీల కట్ట) తిరగేసి కుట్టేశారు. ఒక్క అక్షరమూ పోలేదు, వరసే తారుమారైంది. క్రోమోజోములో ఒక ముక్క తిరగబడటం, అంటే ఇన్వర్షన్, అలాంటిదే. పైగా తిరగబడిన ముక్క, జతలోని మామూలు ముక్కతో సరిగా కుదరదు కాబట్టి, అవి రెండూ జన్యువులు ఇచ్చిపుచ్చుకోవడం దాదాపు ఆగిపోతుంది. ఆ ముక్కలోని జన్యువులన్నీ ఒకే మూటగా తరతరాలకూ దిగుతాయి.

అదే పుస్తకంలో పాత యజమాని కొన్ని పేరాల పక్కన పెన్సిల్‌తో ‘వద్దు’ అని రాసుకున్నాడు. అచ్చు మారలేదు, చదివేవాడు ఆ పేరా దాటేస్తాడు. మిథైలేషన్ ఆ పెన్సిల్ రాత. డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న తోక అతుక్కుంటుంది, చాలాసార్లు ఆ జన్యువు గొంతు తగ్గుతుంది. ‘చాలాసార్లు’ అన్నాను, గమనించావా? కణం రెండైనప్పుడు ఆ గీత కొత్త కణానికీ ఎక్కుతుంది. గుడ్డులోని పిల్లకు ఎక్కుతుందా అనేది వేరే ప్రశ్న, దాన్ని దీంతో కలపకు.

తిరగబడ్డ ఫారం కథకు పక్షి కావాలంటే ఉత్తర అమెరికాలోని తెల్లగొంతు పిచ్చుకను తీసుకో. పేరుకు పిచ్చుకే గానీ మన పిచ్చుకకు దగ్గరి చుట్టం కాదు. తల మీద తెల్ల చారలవి కొన్ని, గోధుమరంగు చారలవి కొన్ని. తెల్లచారల వాటిలో రెండో క్రోమోజోము ఒకటి తిరగబడి ఉంటుంది. ఈ క్రోమోజోముల తేడా 1966లోనే బయటపడింది. ఆ మూటలో సుమారు వెయ్యి జన్యువులు. తెల్లచారలవి ఎక్కువ పాడతాయి, ఎక్కువ కొట్లాడతాయి. గోధుమ చారల మగవి పిల్లల్ని బాగా సాకుతాయి. విడ్డూరం ఏమిటంటే, దాదాపు ప్రతి జంటలోనూ ఒకటి తెల్లది, ఒకటి గోధుమది. ఆడామగా చూసుకుంటే చాలదు, చార కూడా కలవాలి, అదీ ఎదురు రంగుతో! మన పెళ్లిసంబంధాల్లో గోత్రం చూసుకున్నట్టు. (ఈ పోలిక నీకిచ్చేస్తున్నాను, వాడుకో.)

ఇక నీ అసలు విషయం. కెన్యాలో మొంబాసా రేవు దగ్గర 1950ల ప్రాంతంలో దిగిన పిచ్చుకలు అక్కణ్ణుంచి లోపలికి పాకాయి. వాటిని పరిశీలిస్తే, జన్యు వైవిధ్యం తక్కువున్న చోట మిథైలేషన్ వైవిధ్యం ఎక్కువ కనిపించింది. నువ్వు దీన్ని ‘మిథైలేషన్ వల్లే పిచ్చుకలు కొత్తచోట బతికాయి’ అని రాశావు. రెండూ కలిసి కనిపించాయి, అంతవరకే. మన ‘వల్ల’ చాలా చిన్న మాట, నోట్లోంచి తేలిగ్గా జారుతుంది. దాన్ని తీసి ‘తో పాటు’ పెట్టి చదువు, నీ వాక్యం ఒక్కసారిగా నిజం మాట్లాడుతుంది.

నేనూ ఈ తప్పు చేశాను. ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ‘కాలుష్యం వల్ల పక్షుల జన్యువులు మారుతున్నాయి’ అని ఊపుగా రాశాను. ఆ పరిశోధన చేసినాయన ఫోన్ చేసి, “మేం రక్తం చుక్కలో చూశామండీ. మీరేమో పక్షి మొత్తాన్ని మార్చేశారు” అన్నాడు. ఆ వారం నాకు నిద్ర లేదు. పక్షుల ఎర్రకణాల్లో డీఎన్ఏ దాచుకునే కేంద్రకం ఉంటుంది కాబట్టి ఒక్క చుక్క చాలు, పక్షిని వదిలేయొచ్చు. కానీ రక్తంలో ఉన్న గీతలే మెదడులోనూ ఉండాలని లేదు. ఏ కణంలో చూశారో నీ వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు. అది చేర్చు.

చేర్చే ముందు హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకో, అత్తాపూర్‌లో వన్యప్రాణుల మీద పనిచేసే దాని విభాగం లాకోన్స్‌కో మెయిల్ పెట్టి, పక్షుల మీద పనిచేసేవాళ్లెవరైనా అరగంట ఇస్తారేమో అడుగు. నీ వాక్యాలు వాళ్ల ముందే పైకి చదువు. ఎక్కడ మొహం ముడుచుకుంటే అక్కడ పెన్సిల్ పెట్టుకో.

వచ్చే ఆదివారం పదింటికి ఆబిడ్స్‌లో ఉంటాను. ఆ వ్యాకరణం తెస్తాను, 96 దగ్గర తిరగేసి పట్టుకుని చదువుకోవాలి, మెడ జాగ్రత్త.

ఆశీస్సులతో,
మీ మాస్టారు